బెత్తెడా... బారెడా?

లండన్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోలు తిరగేస్తే టవర్ బ్రిడ్జి ఉంటుంది, బిగ్ బెన్ ఉంటుంది, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కదలకుండా నిలబడ్డ ఎర్రకోటు సిపాయి ఉంటాడు. వాటి మధ్యలో ఎక్కడో ఓచోట, నలుగురు ఒకరి వెనక ఒకరు రోడ్డు దాటుతున్న ఫొటో కూడా ఉంటుంది. చూడ్డానికి మామూలు జీబ్రా క్రాసింగే. కాకపోతే 1969 ఆగస్టు 8న బీటిల్స్ బృందం నలుగురూ దాన్ని దాటుతుంటే ఇయాన్ మెక్‌మిలన్ అనే ఫొటోగ్రాఫర్ నిచ్చెనెక్కి ఆరు ఫొటోలు తీశాడు. అందులో ఒకటి 'యాబీ రోడ్' ఆల్బమ్ అట్ట మీదికెక్కింది. ఇక చూస్కోండి... అప్పట్నుంచీ ఆ తెల్లచారల మీద జనం ఆగి ఫొటోలు దిగుతూనే ఉన్నారు, కార్లవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు!

ఫొటో అయిపోగానే అందరూ వచ్చిన దారినే వెనక్కెళ్లిపోతారు. పక్కనే ఉన్న తెల్లటి భవనాన్ని గేటు బయటి నుంచే చూసి 'ఓహో, ఇదేనా' అనుకుంటారు. నిజానికి ఈ పేటలో చూడాల్సింది క్రాసింగ్ కాదు, ఓ దూరం. 1966 వసంతంలో ఇక్కడికి సుమారు రెండు కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు స్టూడియోల్లో, ఇద్దరు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఒకే ప్రశ్న మీద పెద్దవాళ్లతో పేచీ పెట్టుకున్నారు. గిటారు మోగుతుంటే మైకు ఎక్కడుండాలి? ఒకడు దగ్గరికి రానివ్వమన్నాడు. ఇంకొకడు దూరంగా పెట్టమన్నాడు. ఇద్దరూ నెగ్గారు. రాక్ సంగీతంలో గిటారు మోత ఎలా ఉండాలన్నది చాలావరకు అప్పుడే తేలిపోయింది.

ఆ రెండు చోట్లనీ కలుపుతూ నడిస్తే పట్టేది అరగంట.

గొంతు చెక్కపెట్టెది

నడక మొదలెట్టే ముందు ఓ చిన్న సంగతి. ఎలక్ట్రిక్ గిటారుకి సొంతగొంతు లేదు. వీణకైనా మామూలు గిటారుకైనా బోలుగా ఉండే కాయ ఉంటుంది. తీగ మీటితే అదే మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు గట్టి చెక్క. కరెంటు లేకుండా మీటితే పక్కగదిలోకి కూడా వినిపించదు. తీగల కింద ఉండే అయస్కాంతాలూ రాగితీగ చుట్టలూ కదలికను విద్యుత్తుగా మారిస్తే, యాంప్లిఫయర్ దాన్ని పెంచి, చెక్కపెట్టెలో బిగించిన స్పీకర్‌లోంచి బయటికి పంపుతుంది. అంటే రికార్డులో మనం వినేది గిటారుని కాదు... స్పీకర్‌ని. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ స్పీకర్ ముందు నిలబెట్టిన మైకుకి ఏం వినిపించిందో దాన్ని.

ఇందులో తేడా ఏముందీ అనుకోకండి. పెళ్లిపందిట్లో సన్నాయి మేళం పక్కనే కూర్చున్నవాళ్లకి చెవులు గింగుర్లెత్తుతాయి. ఊదే మనిషి ఊపిరీ, నాలుక తాకిడీ అన్నీ వినిపిస్తాయి. అదే మేళాన్ని వీధి మలుపులో నించుని వింటే పదును పోయి, గోడలకి తగిలొచ్చిన మెత్తదనం కలుస్తుంది. వాయించేవాడు ఒక్కడే, రాగం ఒక్కటే. మారింది మన చోటు! మైకు కూడా అంతే. కాకపోతే మైకుకి మనలాగా లేచి జరిగే వీలుండదు. ఎవరో ఒకరు దాన్ని ఓ చోట పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే మన కథ.

టౌన్‌హాల్లో తుపాను

వెస్ట్ హాంప్‌స్టెడ్ స్టేషన్‌లో మెట్రో దిగి బయటికొస్తే పక్కనే బ్రాడ్‌హర్స్ట్ గార్డెన్స్ అనే వీధి. పేరులో తోటలున్నాయి గానీ ఇది ఇళ్లూ దుకాణాలూ ఉన్న మామూలు వీధే. ఇక్కడ 165వ నంబరు భవనం ఒకప్పుడు టౌన్‌హాలు. తరవాత రికార్డింగ్ స్టూడియో అయింది. 1930ల చివర్లో డెక్కా గ్రామఫోన్ కంపెనీ చేతికొచ్చింది. మన ఇళ్లలో తాతల నాటి రికార్డులుంటే డెక్కా పేరు వాటిమీద కనబడొచ్చు.

సంగీత చరిత్రలో ఈ భవనానికి ఓ అపకీర్తి ఉంది. 1962 జనవరి 1న బీటిల్స్ ఇక్కడికే వచ్చి పరీక్షకి పాడారు. కొత్తసంవత్సరం రోజు, చలి, ముందురోజు మంచులో లివర్‌పూల్ నుంచి సుదీర్ఘ ప్రయాణం. వాళ్లు తెచ్చుకున్న యాంప్లిఫయర్లు పనికిరావని పక్కన పెట్టించి స్టూడియో వాటిమీద వాయించమన్నారని చెబుతారు. చివరికి కంపెనీ వాళ్లని వద్దనుకుంది. బీటిల్స్‌ని కాదన్న కంపెనీగా డెక్కా పేరు ఇప్పటికీ ఎత్తిపొడుపుల్లో నలుగుతూనే ఉంటుంది. పాపం, అదే భవనంలో నాలుగేళ్ల తరవాత జరిగిన మంచిపని మాత్రం ఎవరికీ గుర్తుండదు!

1966 వసంతంలో జాన్ మేయాల్ అనే సంగీతకారుడు తన 'బ్లూస్ బ్రేకర్స్' బృందంతో ఇక్కడికొచ్చాడు. గిటారు ఎరిక్ క్లాప్టన్. వయసు 21. చేతిలో 1960 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారు. (దాన్ని ఆ తరవాత కొద్దినెలలకే ఎవరో ఎత్తుకుపోయారు, అది వేరే సంగతి.) వెంట మార్షల్ కంపెనీ యాంప్లిఫయర్, రెండు పన్నెండంగుళాల స్పీకర్లున్న పెట్టె. పడమటి లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్ములు అమ్ముకునే జిమ్ మార్షల్ దుకాణంలో పుట్టిన సరుకది. ఈ పెట్టె మోడల్ నంబరు 1962 కావడంతో చాలామంది అది తయారైన సంవత్సరమనుకుంటారు. అది వట్టి కేటలాగు నంబరు!

అప్పటి స్టూడియో మర్యాద ప్రకారం గిటారు వాయించేవాడు యాంప్లిఫయర్ శబ్దం తగ్గించుకోవాలి. మైకు దగ్గరగా పెడతారు. ఆ తరవాత పెంచడం తగ్గించడం ఇంజినీరు చూసుకుంటాడు. క్లాప్టన్ ఒప్పుకోలేదు. వేదిక మీద ఎంత శబ్దంతో వాయిస్తానో ఇక్కడా అంతే అన్నాడు. మైకుని తను చెప్పినచోటే, పెట్టెకి మరీ దగ్గర కాకుండా పెట్టాలన్నాడు. తన ఆత్మకథలో ఈ సంగతి తనే రాసుకున్నాడు.

కుర్రతనపు మొండితనంలా కనిపిస్తుంది గానీ ఇందులో గట్టి కారణముంది. ఆనాటి యాంప్లిఫయర్లలో ఉండేవి గాజు వాల్వులు. నెమ్మదిగా వాయిస్తే వాటి శబ్దం శుభ్రంగా, పొడిగా ఉంటుంది. చివరికంటా పెంచితేనే వాల్వులు అలసి, స్పీకర్ అట్ట ఒత్తిడికి లోనై, స్వరం అంచులు కరిగిపోతాయి. ఒక్కసారి మీటితే తీగ చాలాసేపు పాడుతూనే ఉంటుంది. క్లాప్టన్‌కి కావలసిన స్వరం చిన్న శబ్దంలో అసలు లేనేలేదు! తగ్గించి వాయించి తరవాత పెంచుకుందామంటే కుదరదు. పాలు పొంగాలంటే పొయ్యి మంట పెంచాల్సిందే కదా.

ఇంజినీరు గస్ డడ్జన్ అప్పటికి చిన్నవాడే. అంత మోత తను ఎప్పుడూ వినలేదు. ఆయన భయమూ సబబే. గిటారు మోత అదే గదిలో ఉన్న డ్రమ్ముల మైకుల్లోకి దూరిపోతుంది. మీటరు ముల్లు ఎర్రగీత దాటుతుంది. స్వరం చెదిరితే లోపం కింద లెక్కగట్టే రోజులవి. నిర్మాత మైక్ వెర్నన్, మేయాల్ కుర్రాడి పక్షానే ఉన్నారు. అలా కానిచ్చేశారు.

జులై 22న ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద క్లాప్టన్ 'బీనో' అనే పిల్లల బొమ్మల పుస్తకం చదువుకుంటూ కనిపిస్తాడు, కెమెరాని పట్టించుకోకుండా. ఆ ఆల్బమ్‌లో గిటారు వింటే ఒక గది వినిపిస్తుంది. స్వరం పెట్టెలోంచి బయల్దేరి, కాస్త గాలిలో నడిచి, గోడని పలకరించి మైకు దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. ఇన్నేళ్ల తరవాత కూడా గిటారు నేర్చుకునేవాళ్లు ఆ స్వరం కోసం తంటాలు పడుతుంటారు. పాత గిటార్లు కొంటారు, పాత పెట్టెలు కొంటారు. నా మటుకు నాకు వాళ్లు మర్చిపోయేది ఆ గాలినే అనిపిస్తుంది.

డెక్కా స్టూడియో 1980ల ఆరంభంలో మూతపడింది. తరవాత ఆ భవనాన్ని ఇంగ్లిష్ నేషనల్ ఆపెరా రిహార్సల్స్ కోసం తీసుకుంది.

దారం కట్టిన పెట్టె

ఇక్కణ్నుంచి వెస్ట్ ఎండ్ లేన్ పట్టుకుని దక్షిణంగా దిగాలి. కాఫీషాపులూ, కూరగాయల కొట్లూ, పిల్లల్ని బండ్లలో తోసుకుంటూ తల్లులూ... ఓ పావుగంటలో వీధి పేరు మారి యాబీ రోడ్ అవుతుంది. పూర్వం కిల్బర్న్ దగ్గర సన్యాసినుల మఠం ఉండేది. దాని పేరే ఈ దారికి మిగిలిందంటారు. అపార్టుమెంట్ల వరసలు, వాటిముందు చెట్లు. ఫొటోల కోసం వచ్చేవాళ్లు ఈ కొసకి రారు. కిందికి దిగేకొద్దీ ఇళ్ల ఖరీదు పెరుగుతున్నట్టు చూస్తేనే తెలుస్తుంది.

మూడో నంబరు భవనం ముందు నుంచి చూస్తే పెద్దింటివాళ్ల బంగళాలాగే ఉంటుంది. నిజంగానే అది 19వ శతాబ్దపు ఇల్లు. గ్రామఫోన్ కంపెనీ దాన్ని 1929లో కొని, వెనక తోటలో స్టూడియోలు కట్టింది. 1931 నవంబరు 12న ఎడ్వర్డ్ ఎల్గార్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో ప్రారంభించాడు. అప్పుడది ఈఎంఐ స్టూడియోస్. యాబీ రోడ్ స్టూడియోస్ అన్న పేరు, ఆల్బమ్ ప్రపంచమంతా మోగాక వచ్చిందే.

లోపలున్న రెండో స్టూడియో సుమారు అరవై అడుగుల పొడవున్న హాలు, రెండంతస్తుల ఎత్తు కప్పు. ఇంజినీర్లు కూర్చునే గది పై అంతస్తులో ఉంటుంది. ఓ కొసన మెట్లు. ఈ మెట్లు గుర్తుపెట్టుకోండి. మైకుని అంగుళం జరపాలన్నా ఎవరో ఒకరు దిగిరావాలి, జరిపి మళ్లీ పైకెక్కి వినాలి, నచ్చకపోతే మళ్లీ దిగాలి. ఓపిక లేనివాడికి పెట్టినచోటే పరమపదం!

బీటిల్స్ ఇక్కడ మొదటిసారి అడుగుపెట్టింది 1962 జూన్ 6న, డెక్కా కాదన్న కొద్దినెలలకి. వాళ్ల సరంజామా చూసి ఇక్కడివాళ్లూ తలపట్టుకున్నారు. పాటకంటే యాంప్లిఫయర్ల గుర్రుగుర్రే ఎక్కువగా ఉంది. జాన్ లెనన్ పెట్టె కటకటమంటుంటే దారం చుట్టి బిగించారు. పాల్ మెక్‌కార్ట్‌నీ బేస్ గిటారు పెట్టె మరీ అధ్వానం. నార్మన్ స్మిత్, కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజినీర్లు కింద ప్రతిధ్వని గదిలో ఉన్న పెద్ద స్పీకర్‌ని మోసుకొచ్చి, ఇంకో యాంప్లిఫయర్‌కి తగిలించి అప్పటికి గండం గట్టెక్కించారు. నాకు ఈ ముచ్చట చాలా ఇష్టం. ప్రపంచాన్ని ఊపేసిన బృందం మొదటి అడుగులో ఓ దారప్పోగు ఉందన్నమాట.

ఆ ఏడాదే, పదహారేళ్ల జెఫ్ ఎమెరిక్ అనే కుర్రాడు ఇక్కడ సహాయకుడిగా చేరాడు. 1966 ఏప్రిల్‌లో, ఇరవయ్యేళ్లకి, బీటిల్స్ రికార్డింగులకి ప్రధాన ఇంజినీరయ్యాడు. ఈఎంఐ మామూలు ఆఫీసులాంటిది కాదు. సాంకేతిక సిబ్బంది తెల్లకోట్లు వేసుకుని తిరిగేవారు. ప్రతిదానికీ రూలుండేది. డ్రమ్ముకి మైకు ఎంత దూరంలో ఉండాలన్నదానిక్కూడా! ఇది వట్టి చాదస్తం అనుకోవద్దు. మంచి మైకుల లోపల వెంట్రుకకన్నా పల్చని రేకు ఉంటుంది. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడితే వచ్చే గాలితాకిడికి అది చిరిగిపోవచ్చు. నాయ్‌మన్ కంపెనీ మైకంటే అప్పట్లోనూ ఆస్తి కిందే లెక్క.

ఎమెరిక్ డ్రమ్ములో ఉన్నిచొక్కా కుక్కి, మైకుని బెత్తెడు దూరానికి లాక్కొచ్చాడు. గిటారు పెట్టెల ముందూ అంతే. బాకాల మైకుల్ని వాటి నోట్లోకే దింపినంత పని చేశాడు. 'ఎలనార్ రిగ్బీ' పాటకి వయొలిన్లూ చెల్లోలూ వాయించేవాళ్ల తీగల దగ్గరికే మైకులు తెచ్చేసరికి, ఆ పెద్దలు ఇబ్బందిపడి కుర్చీలు మెల్లగా వెనక్కి జరుపుకున్నారని తన జ్ఞాపకాల్లో రాశాడు. పైవాళ్లకి సంగతి తెలిసింది. ఉద్యోగం మీదికొచ్చే వ్యవహారమే. చివరికి బీటిల్స్ పాటలకి మాత్రమే అలా పెట్టుకోవచ్చని అనుమతి ఉత్తరం ఇచ్చారని ఎమెరిక్ తరవాత చెప్పుకున్నాడు. అంటే అదే హాల్లో, మర్నాడు ఇంకో బృందమొస్తే మైకు మళ్లీ పాతచోటికే వెళ్లాలి!

ఆ ఏప్రిల్‌లోనే ఇంకో వింత చేశారు. 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటలో బేస్ గిటారు చాలినంత బరువుగా రావడంలేదు. స్పీకర్, మైకు రెండూ పనిచేసే సూత్రం ఒక్కటే. ఒకటి కరెంటుని కదలికగా మారుస్తుంది, రెండోది కదలికని కరెంటుగా. అలాంటప్పుడు స్పీకర్‌నే మైకుగా వాడితే? బేస్ గిటారు పెట్టెకి ఎదురుగా ఇంకో పెద్ద స్పీకర్‌ని, మొహానికి మొహం ఆనించినట్టు పెట్టి రికార్డు చేశారు. టౌన్‌సెండ్ ఆలోచన అది.

ఈ రికార్డింగుల్లోనే తయారైన 'రివాల్వర్' ఆల్బమ్ ఆగస్టు 5న వచ్చింది. డెక్కావాళ్ల ఆల్బమ్‌కి సరిగ్గా రెండు వారాల తరవాత. రెండూ వరసగా వినండి. దీంట్లో గిటారు చెవి పక్కనే మోగుతుంది, గది కనిపించదు. దాంట్లో గది కనిపిస్తుంది, గిటారు గది మధ్యలో ఉంటుంది. ఏది గొప్పదంటే నేను చెప్పలేను. బద్ధకంగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం మాత్రం డెక్కాదే పెట్టుకుంటాను.

తబలా దగ్గరికి మైకు

ఇందులో మనవాళ్ల పాలూ ఉంది. అదే ఏప్రిల్‌లో జార్జ్ హారిసన్ 'లవ్ యూ టు' పాటకి తబలా కావాలన్నాడు. లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా అనిల్ భగవత్ వచ్చి వాయించారు. ఆల్బమ్ అట్ట మీద ఆయన పేరు వేశారు. ఆ బృందం అట్టల మీద బయటి కళాకారుల పేర్లు ఎక్కడం అప్పట్లో అరుదు. ఎమెరిక్ ఆ తబలానీ వదల్లేదు. మైకుని చర్మం దగ్గరికి తీసుకెళ్లాడు. కచేరీ హాల్లో పదో వరసలో కూర్చుని వినేవాళ్లకి బాయా గుమ్‌మంటుంది, అంతే. దగ్గరనుంచి వింటే మణికట్టు చర్మం మీద జారుతున్నప్పటి మూలుగు కూడా తెలుస్తుంది. అంత దగ్గరగా రికార్డు చేసిన తబలా విని అంతా ఆశ్చర్యపోయారని ఎమెరిక్ మురిసిపోయాడు. మర్నాటి ఏడాది మార్చిలో 'వితిన్ యూ వితౌట్ యూ' పాటకి మరికొంతమంది భారతీయ కళాకారులొచ్చారు. రెండో స్టూడియో నేలమీద తివాచీలు పరిచి, దీపాలు తగ్గించి, అగరొత్తులు వెలిగించారు. తివాచీ మర్యాద కోసమే కాదు. గట్టినేల మీద శబ్దం తగిలి మైకులోకి ఎగిరొస్తుంది, తివాచీ దాన్ని మింగేస్తుంది.

ఈ దగ్గరితనపు పిచ్చి ఎక్కడిదాకా వెళ్లిందంటే, 1968 జులైలో 'రివల్యూషన్' పాటకి గిటార్లని పెట్టెలూ మైకులూ లేకుండా నేరుగా మిక్సింగ్ బల్లకే తగిలించేశారు. దూరం సున్నా! ఆ పాట మొదట్లో రంపంకోతలా వినిపించేది అదే. విడుదలైనప్పుడు కొందరు రికార్డు పాడైందేమోనని కంగారుపడ్డారంటారు.

మన ఇంట్లో చూడాలంటే

ఇదంతా చదివి, ఇంట్లో గిటారు నేర్చుకునే పిల్లలున్నవాళ్లకి ఓ ఆలోచన రావచ్చు. చిన్న యాంప్లిఫయరూ, ఓ మామూలు మైకూ చాలు. ప్రపంచమంతా గిటారు పెట్టెల ముందు కనిపించే షూర్ ఎస్‌ఎం57 మైకు 1965లో వచ్చింది, అదేమంత ఖరీదైన సరుకు కాదు. ఏదీ లేకపోతే సెల్‌ఫోన్‌తో కూడా తేడా తెలుస్తుంది.

పెట్టె ముందు గుడ్డ వెనక స్పీకర్ గుండ్రంగా ఉంటుంది. టార్చిలైటు వేస్తే కనిపిస్తుంది. సరిగ్గా నడిబొడ్డుకి మైకు పెడితే స్వరం చురుక్కుమంటుంది, ఒక్కోసారి కందిరీగలా ఉంటుంది. అక్కణ్నుంచి అంచువైపు రెండంగుళాలు జరపండి. అదే గిటారు, అదే వేలు... స్వరం మాత్రం మెత్తబడి, ముదురుతుంది. మైకుని కాస్త పక్కకి వాల్చినా అలాగే పదును తగ్గుతుంది. పెట్టెకి బాగా దగ్గరగా ఆనిస్తే చాలారకాల మైకుల్లో గుమ్ముదనం పెరుగుతుంది. వెనక్కి జరిపేకొద్దీ అది తగ్గి గది మొదలవుతుంది. పెట్టెని నేలమీంచి తీసి కుర్చీ మీద పెడితే ఒకలా, గదిమూలకి నెడితే ఇంకోలా ఉంటుంది. మూల ఎప్పుడూ గుమ్ముని పెంచుతుంది. నాలుగు స్పీకర్లున్న పెద్దపెట్టెల్లో నాలుగూ ఒక్కలా మోగవు. అనుభవమున్నవాళ్లు ఒక్కోదాన్నీ విడివిడిగా విని, బాగున్నదాని ముందే మైకు పెడతారు. ఒక్క జాగ్రత్త: పెద్దశబ్దంతో మోగుతున్న పెట్టెకి చెవి ఆనించి చూడకండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకుని జరిపిస్తూ వినాలి.

బెత్తెడు దూరంలో ఒకటి, బారెడు దూరంలో ఒకటి... రెండు మైకులూ పెట్టేస్తే పోలా అంటారా? పెట్టొచ్చు, పెడతారు కూడా. అక్కడో చిక్కుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. రెండో మైకు 34 సెంటీమీటర్లు వెనకుంటే దానికి శబ్దం సెకనులో వెయ్యోవంతు ఆలస్యంగా చేరుతుంది. అదెంతలే అనుకుంటాం. సెకనుకి 500 సార్లు కంపించే స్వరానికి ఆ ఆలస్యం సరిగ్గా సగం ఊపు. ఒక మైకులో అల పైకి లేస్తుంటే రెండోదాంట్లో కిందికి దిగుతుంటుంది. రెండూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి! గిటారు సన్నతీగ మీద ఏడో మెట్టు దగ్గర పలికేది దాదాపు ఆ స్వరమే. విడివిడిగా బాగున్న రెండు మైకులూ కలిపితే పీలగా మారిపోవడానికి కారణమిదే. మంత్రమేం లేదు, రెంటినీ సమానదూరానికి తేవాలి, లేకపోతే కలిసి నిండుగా మోగేదాకా ఒకదాన్ని జరుపుకుంటూ పోవాలి. అదే మెట్లెక్కడం, దిగడం.

గది ఖరీదెంత?

ఇప్పుడీ జరుపుకోవడమే మాయమైపోతోంది. ఫలానా పెట్టె, ఫలానా మైకు, ఫలానా దూరం అని ముందే కొలిచి పెట్టుకున్న ధ్వనిముద్రలు కంప్యూటర్లోకి వచ్చేశాయి. గిటారుని ల్యాప్‌టాప్‌కి తగిలించి, తెరమీద బొమ్మమైకుని వేలితో జరుపుకోవచ్చు. యాబీ రోడ్ ప్రతిధ్వని గదుల్ని కూడా సాఫ్ట్‌వేర్‌గా అమ్ముతున్నారు. అపార్టుమెంట్లో అర్ధరాత్రి వాయించుకునే కుర్రాడికీ, వాడి పక్క ఫ్లాటువాళ్లకీ ఇది వరమే, కాదన్ను. కానీ అందులో ఉన్న చోటు ఎవరో ఎప్పుడో ఎంచిన చోటు. తెల్లకోటు పెద్దాయనతో పేచీపడి ఇంకో అంగుళం ముందుకో, ఇంకో అడుగు వెనక్కో వెళ్లి, అక్కడ ఎవరూ వినని స్వరాన్ని పట్టుకునే వీలు దాంట్లో ఎంతుంటుంది?

గదుల కష్టం గదులకుంది. లండన్‌లో నేల ఖరీదు తెలిసిందే. నగరం నడిబొడ్డున డెన్మార్క్ స్ట్రీట్ నాలుగో నంబరులో రీజెంట్ సౌండ్ అనే చిన్న స్టూడియో ఉండేది. శబ్దం ఎగరకుండా కప్పుకి కోడిగుడ్ల అట్టలు అంటించుకున్న గది! రోలింగ్ స్టోన్స్ 1964లో తమ తొలి ఆల్బమ్‌ని అక్కడే చేశారు. ఆ ఇరుకులో ఒకరి మోత ఇంకొకరి మైకులోకి దూరిపోయేది. ఆ ఆల్బమ్ కరుకుదనంలో సగం ఆ ఇరుకుదే. తరవాత అక్కడ గిటార్ల దుకాణం వచ్చింది. బార్న్స్‌లో జిమీ హెండ్రిక్స్ వాయించిన ఒలింపిక్ స్టూడియో 2013లో సినిమాహాలుగా తెరుచుకుంది. డెక్కా సంగతి చూశాం.

యాబీ రోడ్‌కీ ఆ గండం తప్పేట్టు లేదనిపించింది ఒకప్పుడు. 2010 ఫిబ్రవరిలో, అప్పుల్లో ఉన్న ఈఎంఐ దాన్ని అమ్మేస్తోందని వార్తలొచ్చాయి. లండన్ జనం గగ్గోలు పెట్టారు. ఆ నెలలోనే ప్రభుత్వం భవనాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. అదే ఏడాది డిసెంబర్లో జీబ్రా క్రాసింగ్‌నీ చేర్చింది. తెల్లచారలకి వారసత్వ హోదా! 2012లో కంపెనీ యూనివర్సల్ సంస్థ చేతికెళ్లింది. రెండో స్టూడియో ఇప్పటికీ స్టూడియోగానే పనిచేస్తోంది. అందుకే మామూలు సందర్శకుల్ని లోపలికి రానివ్వరు. దీనికి నొచ్చుకోవాల్సిన పనిలేదు. లోపల ఎవరో మైకు జరుపుకుంటున్నారేమో!

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క హెచ్చరిక. లండన్ రైళ్ల మ్యాపులో 'యాబీ రోడ్' అనే స్టేషనే ఉంది. అది 2011లో తెరిచారు, నగరానికి తూర్పున ఎక్కడో ఉంది. దానికీ ఈ స్టూడియోకీ ఏ సంబంధమూ లేదు. అక్కడ దిగి క్రాసింగ్ కోసం వెతికేవాళ్లు రోజూ ఉంటారు. మీరు జూబ్లీ లైన్‌లో సెయింట్ జాన్స్ వుడ్‌లో దిగాలి, అక్కణ్నుంచి నడక అయిదారు నిమిషాలే. నన్నడిగితే మాత్రం మూడు స్టేషన్లు ముందుకెళ్లి వెస్ట్ హాంప్‌స్టెడ్‌లో దిగి, అక్కణ్నుంచి కిందికి నడుచుకుంటూ రమ్మంటాను. ఫోన్లో రెండు ఆల్బమ్‌లూ ఉంచుకోండి. మొదటి పావుగంట మేయాల్, రెండో పావుగంట బీటిల్స్. స్టూడియో ముందు తెల్లగోడ మీద ఊరూపేరూ రాయని అభిమాని ఉండడు. గోడ నిండిపోయినప్పుడల్లా స్టూడియోవాళ్లు సున్నం వేయిస్తారు, మర్నాటి నుంచి మళ్లీ రాతలు మొదలు. పెన్ను జేబులో పెట్టుకునే వెళ్లండి.